కంప్యూటరు విభాగాలలో బయటి సలహాదారులు: మన పని, మన సంతకం
(పుదుచ్చేరి వైతికుప్పంలో జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాసిమఘం నాడు చుట్టుపట్ల గ్రామాల దేవతామూర్తులు తీర్థవారికి వచ్చి నిలిచే ఈ వైతికుప్పం తీరాన ఈనాడు మనమందరం సమావేశమై ఉన్నాము. ఇక్కడి తమిళ సోదరులు మనకు చోటిచ్చి, భోజనమిచ్చి ఆదరించారు. యానాం, కాకినాడ, విజయవాడ, సికింద్రాబాదు, చెన్నపట్నం నుంచి తెలుగు ఉద్యోగులు సొంత ఖర్చులతో వచ్చారు. వారందరికీ సమాఖ్య తరఫున అభివందనాలు తెలుపుకొంటున్నాము.

కంప్యూటరు విభాగాలలో బయటి సలహాదారులతో కలిసి పనిచేయవలసి వచ్చినప్పుడు మన వైఖరి ఏ విధంగా ఉండాలన్నది మాకు కేటాయించిన అంశం. ఇది ఇంజనీర్లు తేల్చుకోవలసిన విషయం కదా, యూనియన్లకు ఇందులో ఏమి పని అని కొందరు మిత్రులు ఉదయం అడిగారు. సాయంత్రం కౌంటరు మూసే వేళ లెక్కలో తేడా కనిపించిన ఉద్యోగి ఆ ప్రశ్న అడగడు. యంత్రాన్ని తయారుచేసిన వారు ఒకరు, నిర్వహించే వారు మరొకరు. తేడా వచ్చినప్పుడు మెమో మాత్రం కుర్చీలో కూర్చున్న మనిషికి వస్తుంది. అందువల్ల ఇది ముమ్మాటికీ యూనియన్ల విషయమే.

మొదట మాటను విడదీసుకొందాము. మన కార్యాలయాలలో బయటి నుంచి వచ్చిన ప్రతివారినీ కన్సల్టెంటు అని పిలవడం అలవాటయింది. నిజానికి వీరు మూడు రకాల వారు. పెద్ద అధికారుల గదులలో కూర్చుని, శాఖ ఏ విధంగా మారాలో నివేదిక రాసి వెళ్ళేవారు ఒకరు. టెండరులో పని దక్కించుకొని సాఫ్ట్‌వేరు నిర్మించే కంపెనీవారు రెండవ రకం. మూడవ రకం మన పక్కనే కుర్చీ వేసుకొని సర్వరు ఆగినప్పుడు ఫోనులు చేసే కుర్రవాళ్ళు. వీరిలో చాలామంది ఆ పెద్ద కంపెనీ ఉద్యోగులు కూడా కారు. మధ్యలో ఉన్న ఇంకొక కంపెనీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు కార్మికులు. ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టివేస్తే మన పోరాటం దారితప్పుతుంది.

మన రైల్వేలకు కంప్యూటరు నిన్న మొన్న వచ్చినది కాదు. 1960వ దశకంలోనే ఐ.బి.ఎం. 1401 యంత్రాలు జోనల్ కార్యాలయాలలో ప్రవేశించాయి. చిల్లులు పొడిచిన కార్డుల మీద జీతాల బిల్లులు, స్టోర్సు లెక్కలు, ట్రాఫిక్ అకౌంట్లు నడిచాయి. యంత్రం అద్దెది, మరమ్మతు కంపెనీది. 1978లో ఐ.బి.ఎం. ఈ దేశాన్ని విడిచి వెళ్ళినప్పుడు దాని యంత్రాల నిర్వహణను 1975లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ సి.ఎం.సి. చేపట్టింది. మనకు కావలసిన విద్య మన ఇంటిలో లేకపోతే ఏమవుతుందో ప్రభుత్వానికి అర్థమైన సందర్భాలలో అది ఒకటి.

ఆ కాలంలో కార్మికోద్యమం యంత్రాన్నే వద్దన్నదని నేటి యువ ఉద్యోగులు విని నవ్వుతారు. కలకత్తాలోని ఇలాకో హౌస్‌లో ఎల్.ఐ.సి. ఉద్యోగులు కంప్యూటరును అడ్డుకొన్న మాట వాస్తవం. అది వట్టి మొండితనం కాదు, ఉద్యోగాలు పోతాయన్న భయం. ఆ భయానికి ఆధారం ఉన్నది కనుకనే ప్రభుత్వం 1969లో దండేకర్ అధ్యక్షతన ఆటోమేషన్ మీద ఒక కమిటీని నియమించింది. ఆ కమిటీ 1972లో నివేదిక సమర్పించింది. ఆ తరువాత బ్యాంకు ఉద్యోగుల సంఘాలు 1983 సెప్టెంబరు 8న యాజమాన్యాలతో యంత్రీకరణపై ఒప్పందం కుదుర్చుకొన్నాయి. యంత్రం వస్తుంది, అయితే ఏ షరతుల మీద వస్తుందో కాగితం మీద ఉంటుందన్నది ఆ ఒప్పందపు సారాంశం. మా ఉద్దేశంలో యంత్రాన్ని ఆపడం కంటే ఆ కాగితం సంపాదించడమే పెద్ద విజయం. నేటి మన చర్చకు మూలం అక్కడ ఉన్నది.

రిజర్వేషను చరిత్రను కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. పాత రోజులలో ఏ బండికి ఆ రిజిస్టరు, ఏ రిజిస్టరుకు ఆ కిటికీ. ఢిల్లీ బండికి ఒక వరుసలో, మద్రాసు బండికి మరొక వరుసలో ప్రయాణికుడు నిలబడేవాడు. ఆ రిజిస్టర్ల వెనుక కూర్చున్న రిజర్వేషను గుమాస్తా తలలో ఒక శాస్త్రమే ఉండేది. ఏ స్టేషనుకు ఎన్ని బెర్తుల కోటా, స్త్రీల కోటా ఎప్పుడు విడుదలవుతుంది, దారి మధ్యలో ప్రయాణికుడు దిగిన బెర్తు తరువాతి స్టేషను నుంచి ఎవరికి దక్కుతుంది, ఆర్.ఏ.సి. వారిలో ఎవరు ముందు, ఏ రాయితీకి ఏ ధ్రువపత్రం చూడాలి, ఒక బోగీ చెడిపోయి వేరే రకం బోగీ తగిలించినప్పుడు చార్టు ఏ విధంగా సర్దాలి. వీటిలో సగం నియమాల పుస్తకంలో ఉండేవి. మిగిలిన సగం అనుభవంలో ఉండేవి.

1985 నవంబరులో న్యూఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు దానిని నిర్మించినది సి.ఎం.సి. ఇంప్రెస్ అని దానికి పేరు. ఆ సంస్థ పరిశోధన విభాగం మన సికింద్రాబాదులోనే ఉండేది. అంటే వారు రైల్వేకు బయటివారే, కాని ప్రభుత్వ రంగం వారు. కోటా అంటే ఏమిటో, ఆర్.ఏ.సి. అంటే ఏమిటో వారు ఏ కళాశాలలోనూ చదువుకొని రాలేదు. కిటికీ వెనుక కూర్చున్న మనవారి వద్దనే నేర్చుకోవలసి వచ్చింది. ప్రశంసలు వచ్చినప్పుడు పత్రికలు యంత్రాన్ని మెచ్చుకొన్నాయి, ఇంజనీర్లను మెచ్చుకొన్నాయి. గుమాస్తాల పేరు ఎవరూ ఎత్తలేదు. అది మనకు కొత్త కాదు.

రైల్వే బోర్డు ఆ సమయంలో ఒక మంచి పని చేసింది. యాజమాన్యాన్ని మెచ్చుకోవడం మాకు అలవాటు లేకపోయినా ఇది చెప్పక తప్పదు. 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రాన్ని, మనమందరం క్రిస్ అని పిలిచే సంస్థను స్థాపించింది. రైల్వే నుంచి డెప్యుటేషన్ మీద వెళ్ళిన వారు, సొంతంగా నియమించుకొన్న కంప్యూటరు నిపుణులు అక్కడ ఒకే కప్పు కింద పనిచేశారు. వారు తయారుచేసిన కాన్సర్ట్ అనే కొత్త రిజర్వేషను వ్యవస్థ 1994 సెప్టెంబరులో మొట్టమొదట సికింద్రాబాదులోనే పని ప్రారంభించింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ ఒకదానితో ఒకటి కలిశాయి. 2002 ఆగస్టులో ఇంటర్నెట్ టిక్కెట్టు వచ్చింది.

ఇక సి.ఎం.సి. సంగతి. 2001లో ప్రభుత్వం అందులో 51 శాతం వాటాను టాటా సంస్థకు అమ్మివేసింది. 2015లో అది టి.సి.ఎస్.లో విలీనమై ఆ పేరే లేకుండా పోయింది. క్రిస్ అనేది లేకుండా, రిజర్వేషను విద్య అంతా బయటి సంస్థ చేతిలోనే ఉండిపోయి ఉంటే, ఆ అమ్మకంతో పాటు అది కూడా చేతులు మారేది. ఈ ఒక్క సంగతిని రైల్వే మిత్రులు తమ శాఖలలో ప్రతి కొత్త సభ్యునికీ చెప్పవలసినదిగా కోరుతున్నాము.

తపాలా శాఖ కథ ఇంత సాఫీగా నడవలేదు.

మొదట మనకు మేఘదూత్ ఉండేది. మైసూరు తపాలా శిక్షణ కేంద్రంలో మన శాఖ మనుషులే రాసిన సాఫ్ట్‌వేరు అది. సేవింగ్స్ బ్యాంకు కౌంటర్లలో సంచయ్ పోస్ట్ నడిచింది. అవి అందమైనవి కావు. ఒక్కొక్క కార్యాలయం ఒక్కొక్క ద్వీపంలాగా ఉండేది. యానాంలో ఖాతా తెరిచిన మనిషి పుదుచ్చేరిలో డబ్బు తీసుకోలేకపోయేవాడు. కాని ఏ తెరలో ఏ లోపం ఉన్నదో, దానిని దాటడానికి ఏ దారి ఉన్నదో సిస్టమ్ మేనేజరుగా ఉన్న మన గుమాస్తాకు తెలుసు. అదనపు జీతం లేకుండా, ప్రత్యేక పదవి లేకుండా, రాత్రులు కూర్చుని నేర్చుకొన్న వారు వారు.

తరువాత కేంద్రీకృత వ్యవస్థ కావాలన్నారు. కావలసినదే. దానికి ప్రణాళిక రాసిపెట్టడానికి యాక్సెంచర్ సంస్థ సలహాదారుగా వచ్చింది. 2012లో కేంద్ర ప్రభుత్వం 4,909 కోట్ల రూపాయలతో ఐ.టి. ఆధునికీకరణ పథకాన్ని ఆమోదించింది. బ్యాంకింగు, బీమా పని ఇన్ఫోసిస్‌కు, నెట్‌వర్కు సిఫీకి దక్కాయి. మిగిలిన తపాలా కార్యకలాపాలు, జీతాలు, అకౌంట్లు 2013లో సుమారు 1,100 కోట్ల ఒప్పందంతో టి.సి.ఎస్.కు దక్కాయి. 2013 డిసెంబరులో చెన్నై గ్రీమ్స్ రోడ్డు కార్యాలయంతో కోర్ బ్యాంకింగు మొదలైంది. 2017 డిసెంబరులో దర్పణ్ పథకం పేరిట సుమారు 1 లక్షా 29 వేల శాఖా తపాలా కార్యాలయాలకు చేతి పరికరాలు ఇవ్వడం ఆరంభమైంది. గ్రామీణ డాక్ సేవకుని సంచిలో కూడా కంప్యూటరు చేరింది.

ఈ మార్పు వల్ల ప్రజలకు మేలు జరగలేదని మేము అనము. జరిగింది. మా ఫిర్యాదు వేరే. పాత ఖాతాలను కొత్త వ్యవస్థలోకి మార్చిన పని అంతా ఎవరు చేశారు? లెడ్జర్లు దుమ్ము దులిపి, సైలెంటు ఖాతాలు వెతికి, సంతకాల కార్డులు ఒక్కొక్కటే స్కాను చేసి, ఆదివారాలు, పండుగలు పోగొట్టుకొన్నది కౌంటరు ఉద్యోగులు. ఒప్పంద పత్రంలో ఆ శ్రమకు పద్దు లేదు.

ఈ ఊరి సంగతే చూడండి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం ఒకటే. తపాలా సర్కిళ్ళు మాత్రం మూడు. ఈ పట్టణం, కారైకాల్ తమిళనాడు సర్కిలులో, మాహే కేరళలో, యానాం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఇక్కడ పిన్‌కోడు 605తో మొదలైతే యానాంలో 533. దరఖాస్తులో రాష్ట్రం పేరు నింపితే సర్కిలు అదే తేలుతుందని బయటినుంచి వచ్చిన మనిషి అనుకొంటాడు. అనుకోవడంలో తప్పు లేదు. ఆయనకు చెప్పేవారు ఉండాలి.

పేర్ల సంగతి ఇంకా చిత్రం. తమిళ ఖాతాదారుని పేరు ముందు ఉన్న అక్షరం తండ్రి పేరుది. యానాం తెలుగు ఖాతాదారుని పేరు ముందు ఉన్న అక్షరం ఇంటిపేరుది. వీరిద్దరూ కాక ఈ ఊరిలో మరొక తరహా కుటుంబాలున్నాయి. 1881 నాటి ఫ్రెంచి డిక్రీ ప్రకారం తమ కుల మత ఆచారాలకు సంబంధించిన వ్యక్తిగత చట్టాన్ని వదులుకొని, ఫ్రెంచి పౌర చట్టాన్ని స్వీకరించి, ఫ్రెంచి కుటుంబనామాలు పెట్టుకొన్నవారి వంశీకులు. వీరి పేరులో కుటుంబనామం వేరే పద్ధతిలో నడుస్తుంది. ఒక కార్యాలయంలో ఒక యువ సలహాదారు మన కౌంటరు ఉద్యోగిని అడిగిన సంభాషణ మా దృష్టికి వచ్చింది.

"సార్, ఈ గడిలో మొదటి పేరు, ఆ గడిలో చివరి పేరు. అంతే కదా?"

"బాబూ, ఈయనకు చివరి పేరు లేదు. ఆవిడకు మొదట ఉన్నది ఇంటిపేరు. ఈ మూడో ఆయనకు రెండూ ఉన్నాయి కాని, ఆధారులో ఒక తీరుగా, పాసుపుస్తకంలో ఒక తీరుగా ఉన్నాయి. నీ గడి మారుస్తావా, వీళ్ళ పేర్లు మార్చమంటావా?"

ఆ కుర్రవాడు తెలివైనవాడు. నోటుపుస్తకం తీసి గంటసేపు రాసుకొన్నాడట. గడి మార్చాలంటే మాత్రం అది ఒప్పందంలో లేని మార్పు కనుక వేరే అనుమతి, వేరే బిల్లు కావాలని పైనుంచి జవాబు వచ్చింది. కన్సల్టెంట్ల భాషలో దీనిని ఛేంజి రిక్వెస్టు అంటారు. ఈ మాటను మనవారు గుర్తుంచుకోవాలి. మొదటి అధ్యయనంలో మన నోటి నుంచి రాని ప్రతి విషయం తరువాత శాఖ డబ్బుతో కొనుక్కోవలసి వస్తుంది. లేదా కొనకుండా వదిలివేస్తే ఆ లోటు కౌంటరు మీద పడుతుంది. కాబట్టి సలహాదారు వచ్చి ఏమి చేస్తారని అడిగినప్పుడు ముక్తసరిగా జవాబు చెప్పి పంపివేయడం మనకే నష్టం. మనకెందుకు చెప్పాలి, చెబితే మన పని వారికి తెలిసిపోతుంది కదా అని కొందరు పెద్ద ఉద్యోగులు అంటూంటారు. ఆ బాధ మాకు అర్థమవుతుంది. కాని విద్యను దాచుకొన్న చోట ఉద్యోగం నిలిచిన దాఖలా మాకు కనబడలేదు. చెప్పండి, అయితే రాతపూర్వకంగా చెప్పండి. ఏ తేదీన, ఎవరికి, ఏ విషయం చెప్పారో నకలు మీ వద్ద ఉంచుకోండి.

బయటివారి వద్దకు వెళ్ళిన చక్రం తిరిగి ఇంటికి వచ్చిన సంగతి కూడా మీకు తెలుసు. 2025లో ఐ.టి. 2.0 పేరిట ఏ.పి.టి. అనే కొత్త వ్యవస్థ వచ్చింది. దీనిని మైసూరులోని మన శాఖ వారి తపాలా సాంకేతిక కేంద్రమే, సి.ఇ.పి.టి.యే నిర్మించింది. మే, జూన్ నెలలలో కర్ణాటక సర్కిలులో పరీక్షించి, ఆగస్టు 4 నాటికి దేశమంతటా అమలు చేశారు. ప్రభుత్వపు మేఘరాజ్ క్లౌడు మీద నడిచే ఈ వ్యవస్థ లక్షా 60 వేలకు పైగా కార్యాలయాలకు చేరింది. పదమూడు సంవత్సరాల క్రితం మన మనుషులకు ఇది చేతకాదన్నారు. ఇప్పుడు మన మనుషులే చేశారు. దీనికి మనం గర్వించవలసినదే. అయితే సొంతది కనుక సుఖంగా నడిచిందని ఎవరైనా అంటే ఆ తొలి రోజులలో కౌంటరు వద్ద నిలబడిన వారిని అడగమనండి. రాఖీ పండుగ ముందు సర్వరు నెమ్మదించి, జనం వరుసలలో నిలబడి మనవారిని తిట్టారు. బయటివాడైనా, ఇంటివాడైనా ముందుగా తగినంత శిక్షణ, తగినంత పరీక్ష లేకుండా తారీకు ప్రకటిస్తే ఫలితం ఇదే. ఇంటివాడు చేసినప్పుడు ఒక్క లాభం ఉన్నది. తప్పు ఎక్కడ ఉన్నదని అడిగే హక్కు మనకు ఉన్నది. జవాబు చెప్పవలసిన వారు మన శాఖలోనే ఉన్నారు.

ఇక ఈనాటి ప్రసంగంలో ముఖ్యమైన భాగానికి వస్తాము. బ్రిటిష్ పోస్టాఫీసులో జరిగినది మీలో ఎందరికో లీలగా తెలుసు. ప్రతి తపాలా ఉద్యోగికీ పూర్తిగా తెలియవలసిన కథ అది.

అక్కడ చిన్న ఊళ్ళలో తపాలా కార్యాలయాలు నడిపే సబ్‌పోస్టుమాస్టర్లు శాఖ ఉద్యోగులు కారు. ఒప్పందం మీద పనిచేసేవారు. మన గ్రామీణ డాక్ సేవకులను గుర్తుకు తెచ్చుకోండి. లెక్కలో లోటు వస్తే భర్తీ చేయవలసిన బాధ్యత ఒప్పందం ప్రకారం వారిదే. 1999లో ఫ్యుజిత్సు కంపెనీకి చెందిన హొరైజన్ అనే కంప్యూటరు వ్యవస్థ వారి కౌంటర్లకు వచ్చింది. అది వచ్చిన తరువాత ఎక్కడికక్కడ లోటు కనిపించసాగింది. ఫోను చేస్తే, ఇటువంటి ఇబ్బంది మీకు ఒక్కరికే వచ్చింది, ఇంకెవరికీ రాలేదని జవాబు చెప్పేవారు. ఒక్కొక్కరికీ ఇదే జవాబు. కొందరు ఇల్లు తాకట్టు పెట్టి, బంధువుల వద్ద అప్పు తెచ్చి లేని లోటును పూడ్చారు. 1999 నుంచి 2015 వరకు తొమ్మిది వందల మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల మీద శిక్షింపబడ్డారు.

బ్రిడ్లింగ్‌టన్ అనే ఊరి సబ్‌పోస్టుమాస్టరు లీ కాజిల్‌టన్ లోటు కనిపించినప్పుడల్లా సహాయ కేంద్రానికి ఫోను చేశాడు. 91 సార్లు చేశాడు. చివరకు సుమారు 25 వేల పౌండ్ల లోటు కేసులో ఓడిపోయి, 3 లక్షల 21 వేల పౌండ్ల కోర్టు ఖర్చులు నెత్తిన పడి దివాలా తీశాడు. భారతీయ సంతతికి చెందిన సీమా మిశ్రాను 2010 నవంబరులో జైలుకు పంపారు. అప్పటికి ఆమె గర్భవతి. తన కార్యాలయంలో బయటి కంపెనీ మనుషులు కూర్చున్న చోటు నుంచే లెక్కలు మార్చగలరన్నది ఆ సబ్‌పోస్టుమాస్టర్లకు తెలియదు. అది సాధ్యం కాదని పోస్టాఫీసు యాజమాన్యం ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చింది. సాధ్యమేనని చివరకు తేలింది.

అలన్ బేట్స్ అనే సబ్‌పోస్టుమాస్టరుతో సహా 555 మంది కలిసి దావా వేశారు. 2019 డిసెంబరు 16న న్యాయమూర్తి ఫ్రేజర్ హొరైజన్‌లో లోపాలున్నాయని, వాటి వల్ల లెక్కలలో తేడాలు రాగలవని తీర్పు చెప్పారు. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు రద్దు చేసింది. అందులో సీమా మిశ్రా ఒకరు. మిగిలినవారి శిక్షలను సామూహికంగా రద్దు చేయడానికి 2024 మేలో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. 2025 జులైలో విచారణ సంఘం వెలువరించిన నివేదిక మొదటి భాగం ప్రకారం ఈ వ్యవహారం కారణంగా కనీసం 13 మంది ప్రాణాలు తీసుకొని ఉండవచ్చు.

ఇరవై ఏళ్ళు ఎందుకు పట్టింది? ఒక్కొక్కరూ ఒంటరిగా ఉన్నారు కనుక. తనకు వచ్చిన లోటు వంటిదే పక్క ఊరిలో కూడా వచ్చిందని ఎవరికీ తెలియదు. మనకు శాఖలున్నాయి, డివిజనల్ కార్యదర్శులున్నారు, ఈ బులెటిను ఉన్నది. ఒకే రకమైన తేడా మూడు కార్యాలయాలలో కనిపించిందంటే అది ముగ్గురు దొంగల కథ అయ్యే అవకాశం తక్కువ. ఆ మూడింటినీ ఒక చోట చేర్చి చూసేవారు ఉండాలి. ఆ పని యూనియనుది.

మన దేశంలో ఇటువంటిది జరగదన్న భరోసా మాకు లేదు. సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమావళి, 1965లో 11వ నియమం కింద ఉద్యోగి అజాగ్రత్త వల్ల ప్రభుత్వానికి నష్టం కలిగితే దానిని జీతం నుంచి వసూలు చేయవచ్చు. తపాలా మిత్రులకు ఈ నియమం సంఖ్యతో సహా కంఠతా వచ్చు, చెప్పనక్కరలేదు. రైల్వే మిత్రులకు 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమాలలో ఇటువంటిదే ఉన్నది. అజాగ్రత్త అన్నది కంప్యూటరు కాగితం ఒక్కటి చూసి నిర్ణయించేది కాకూడదు. విచారణలో అదనపు పత్రాలు కోరే హక్కు మనకు ఉన్నది. ఆ హక్కు కింద, ఆ రోజు ఆ సమయంలో మన ఐ.డి. మీద ఏ యంత్రం నుంచి ఎంట్రీ జరిగిందో చూపే సిస్టమ్ లాగు ఇమ్మని కోరాలి. ఆ కార్యాలయం పేరు మీద సహాయ కేంద్రంలో నమోదైన ఫిర్యాదుల జాబితా కోరాలి. ఆ లెక్కను వెనుకనుంచి సరిచేసే అధికారం ఎవరెవరికి ఉన్నదో చెప్పమనాలి. అడిగినవి ఇవ్వకపోతే ఇవ్వలేదని విచారణాధికారి చేత రికార్డు చేయించాలి. నేర విచారణలలో ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కావాలని 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను చెబుతున్నది. శాఖాపరమైన విచారణకు సాక్ష్య చట్టం యథాతథంగా వర్తించదు. అయినా కోర్టులో నిలవని కాగితం మీద మా సభ్యుని జీతం ఎలా కోస్తారని అడగడానికి అది పనికివస్తుంది.

పాస్‌వర్డు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఒక కోస్తా జిల్లాలోని సబ్ ఆఫీసులో ఒక సాయంత్రం డిపాజిట్ మధ్యలో నెట్‌వర్కు పోయింది. మన సోదరి మళ్ళీ ఎంట్రీ చేసింది. రెండూ పడ్డాయి, నగదు తక్కువ కనిపించింది. ఫోనులో ఉన్న బయటి మనిషి, పాస్‌వర్డు చెప్పండి మేడమ్, నేను సర్దుతాను అన్నాడు. ఆమె చెప్పింది. రాత్రి ఎప్పుడో సర్దాడు. ఆరు నెలల తరువాత ఆడిటువారు వచ్చి, కార్యాలయం మూసిన తరువాత మీ ఐ.డి. మీద ఈ ఎంట్రీ ఎందుకు చేశారని అడిగారు. ఆ కుర్రవాడు అప్పటికి వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆమె అదృష్టం కొద్దీ ఫోను చేసిన సమయం, అతని పేరు ఒక డైరీలో రాసి ఉన్నది కనుక యూనియను ఆ కేసును నిలబెట్టగలిగింది. ప్రతిచోటా డైరీ దొరకదు. ఎంత ఒత్తిడి ఉన్నా, ఎంత పెద్ద వరుస నిలబడి ఉన్నా, పాస్‌వర్డు ఎవరికీ చెప్పవద్దు. ఫోను చేసినప్పుడు టిక్కెట్టు నంబరు అడిగి తీసుకోండి. నంబరు లేని ఫోను చేయనట్టే లెక్క.

మరొక సంతకం సంగతి. సాఫ్ట్‌వేరు సిద్ధమైనప్పుడు వాడుకరుల పరీక్ష అని ఒకటి జరుగుతుంది. మన ఉద్యోగులను పిలిచి, రెండు రోజులు కూర్చోబెట్టి, బాగున్నదని సంతకం పెట్టించుకొంటారు. ఆ సంతకం మీద కంపెనీకి బిల్లు చెల్లుతుంది. తరువాత లోపం బయటపడితే మీవారే పరీక్షించి ఒప్పుకొన్నారు కదా అంటారు. నెలాఖరు మూసివేత, సంవత్సరాంతపు వడ్డీ, నెట్‌వర్కు తెగిపోయినప్పటి పరిస్థితి, రద్దీ రోజు భారం, ఇవన్నీ పరీక్షించకుండా సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తే, ఏవి పరీక్షించలేదో అదే కాగితం మీద రాసి సంతకం పెట్టండి. పై అధికారికి అది నచ్చదు. నచ్చకపోయినా ఆ కాగితాన్ని ఆయన చించివేయలేడు.

మన పక్కన కూర్చునే ఆ కుర్రవాళ్ళ గురించి కూడా చెప్పాలి. వారిలో ఎందరో గుంటూరు, వరంగల్లు, శ్రీకాకుళం పిల్లలే. ఉదయం తొమ్మిదికి వచ్చి రాత్రి పదింటికి వెళ్తారు. ఓవర్‌టైము అన్న మాట వారికి లేదు. ఒప్పందం ముగిసిన రోజున ఉద్యోగం ముగుస్తుంది. వారి జీతం మనకంటే ఎక్కువని కొందరికి అసూయ. కొందరికి ఎక్కువే, చాలామందికి తక్కువ. మనకు ఉన్న పెన్షను, సెలవులు, యూనియను వారికి లేవు. వారిని దొరల ఏజెంట్లుగా చూడడం అన్యాయం. కాంటీన్‌లో టీ ఇప్పించడం దగ్గర మొదలుపెట్టి, వారి కాంట్రాక్టరు పి.ఎఫ్. కడుతున్నాడా లేదా అని ప్రిన్సిపల్ ఎంప్లాయరైన శాఖను అడగడం వరకు మన యూనియను పనే. ఇలా అడిగిన చోట వారి సహకారం మనకు తప్పక లభించింది. మొదటి రకం సలహాదారుతో, నివేదికలు రాసే పెద్దమనిషితో, మనకు వేరే లెక్క ఉన్నది. ఎన్ని పోస్టులు తగ్గించవచ్చో ఆయన నివేదికలో ఒక పేజీ తప్పక ఉంటుంది. ఆ నివేదిక మనకు ముందుగా చూపాలన్నది మన డిమాండు.

కార్యాచరణ విషయం. రైల్వేలో 1952 నుంచి పి.ఎన్.ఎం. ఉన్నది. కేంద్ర ఉద్యోగులందరికీ 1966 నుంచి జె.సి.ఎం. ఉన్నది. కొత్త కంప్యూటరు వ్యవస్థ ఏది వచ్చినా అమలు తారీకుకు ముందు ఈ వేదికల మీద చర్చించాలని, శిక్షణ రోజులు డ్యూటీగా లెక్కించాలని, తేడాల కేసులలో సిస్టమ్ లాగు పరిశీలించకుండా వసూలు ఉత్తర్వు ఇవ్వరాదని, బయటి సంస్థ ఒప్పందం ముగిసే ముందు సాఫ్ట్‌వేరు మూలం, దాని విద్య మన శాఖ చేతికి పూర్తిగా అప్పగించాలని నాలుగు అంశాలు సిద్ధం చేశాము. వీటి ముసాయిదా భోజన విరామంలో మీకు పంచిపెడతారు. డివిజనల్ కార్యదర్శులు తమ ప్రాంతంలో గత రెండు సంవత్సరాలలో కంప్యూటరు తేడాల మీద వచ్చిన మెమోలన్నిటి నకళ్ళు, సభ్యుల పేర్లు తీసివేసి, కార్యాలయం, తేదీ, మొత్తం, టిక్కెట్టు నంబరు ఉంటే ఆ నంబరు వేసి వచ్చే నెల 15వ తేదీ లోగా కేంద్ర కార్యాలయానికి పంపవలెను. యానాం మిత్రులు అడిగిన పేర్ల గడి విషయాన్ని ఆంధ్రప్రదేశ్ సర్కిలు ద్వారా వేరుగా పంపుతున్నాము. దానికి కావలసిన పాసుపుస్తకాల నమూనాలు వారు మధ్యాహ్నపు సమావేశానికి ముందే మా బల్ల మీద పెట్టగలరు.